దక్కన్ ట్రాప్స్

దక్కన్ ట్రాప్స్ అనేవి పశ్చిమ, మధ్య, దక్షిణ భారతదేశాలలో విస్తరించి ఉన్న బసాల్ట్ శిలల పొరలు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుండి వెలువడిన లావా ఒక పొరపై మరొక పొరగా పరచుకొని గట్టిపడగా ఇవి ఏర్పడ్డాయి. ప్రస్తుతం ఇవి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర కనిపిస్తాయి. ప్రపంచంలోని అతి పెద్ద అగ్నిపర్వత ప్రాంతాలలో ఇది ఒకటి.

అగ్నిపర్వతం అనగానే కొనదేలిన శిఖరం, దాని పైన పొగలు చిమ్మే బిలం గుర్తుకు వస్తాయి. దక్కన్ లావాలో అధిక భాగం అటువంటి శిఖరాల నుండి రాలేదు. అందువలన ఇక్కడ మిగిలిన భూస్వరూపాలు కూడా వేరు: బల్లపరుపు కొండలు, మెట్లలాంటి కొండచరియలు, విశాలమైన పీఠభూమి. అజంతా, ఎల్లోరా గుహలను తొలిచిన రాయి, గోదావరి, కృష్ణా నదులు పుట్టిన కొండలు, ఆదిలాబాద్ ప్రాంతంలో పత్తి పండే నల్లరేగడి నేలలు ఈ లావాకు సంబంధించినవే. డైనోసార్లు అంతరించిన కాలమూ, ఈ లావా ప్రవహించిన కాలమూ దాదాపు ఒకటే కావడం వలన ఈ శిలలు ప్రపంచవ్యాప్తంగా శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించాయి.

పేరు

"ట్రాప్" అనే మాట మెట్లు అనే అర్థం గల స్వీడిష్ భాషా పదం నుండి వచ్చింది. ఒక్కొక్క లావా పొరలో గట్టి భాగం నిటారుగా నిలిచి, దాని పైనున్న మెత్తటి భాగం అరిగిపోవడం వలన కొండ పక్కలు మెట్లు కట్టినట్లు కనిపిస్తాయి. పశ్చిమ కనుమలలో ఈ మెట్లు చాలా స్పష్టంగా ఉంటాయి. దక్కన్ అనే మాట దక్షిణ అనే సంస్కృత పదం నుండి వచ్చింది. జార్ఖండ్‌లోని రాజమహల్ ట్రాప్స్ కూడా ఇటువంటి బసాల్ట్ శిలలే. కాని అవి సుమారు 11.7 కోట్ల సంవత్సరాల నాటివి, దక్కన్ ట్రాప్స్‌తో వాటికి సంబంధం లేదు.

విస్తరణ

దక్కన్ ట్రాప్స్‌లో అత్యధిక భాగం మహారాష్ట్రలో ఉంది. మధ్య ప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాలలో కూడా ఇవి విస్తరించాయి. వీటికి దూరంగా, ఆంధ్ర ప్రదేశ్‌లో రాజమండ్రి పరిసరాలలో ఒక చిన్న భాగం విడిగా కనిపిస్తుంది. అధ్యయన సౌలభ్యం కొరకు ఈ ప్రాంతాన్ని ప్రధాన దక్కన్ పీఠభూమి, మాళ్వా పీఠభూమి, మండ్లా ప్రాంతం, సౌరాష్ట్ర ప్రాంతం అని నాలుగు భాగాలుగా విభజిస్తారు.

లావా వెలువడిన కాలంలో దీని విస్తీర్ణం ఇంకా ఎక్కువ. అది 15 లక్షల చదరపు కిలోమీటర్ల వరకు ఉండి ఉండవచ్చునని కొన్ని అంచనాలు తెలుపుతున్నాయి. కాలక్రమంలో చాలా భాగం కోతకు గురై కొట్టుకుపోయింది. పశ్చిమాన కొంత భాగం అరేబియా సముద్రం అడుగున ఉంది.

పొరల మందం అన్ని చోట్లా ఒకే విధంగా లేదు. పశ్చిమ కనుమలలో వివిధ చోట్ల బయటపడిన పొరలన్నింటినీ వరుసలో కలిపి లెక్కిస్తే మొత్తం మందం 2 కిలోమీటర్లకు మించుతుంది. తూర్పునకు పోయేకొద్దీ ఇది తగ్గుతూ వస్తుంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో సంభవించిన భూకంపం తరువాత పరిశోధన కొరకు అక్కడ ఒక బోరు వేశారు. అందులో దాదాపు 340 మీటర్ల లోతున బసాల్ట్ ముగిసి, దాని కింద ప్రాచీన శిలలు కనిపించాయి. తెలంగాణ సరిహద్దులలో ఈ పొరలు మరింత పలచబడి, చివరకు గ్రానైట్ నేలలు మొదలవుతాయి.

ఏర్పడిన విధానం

పగుళ్ళ నుండి లావా

భూమి లోపల కరిగి ఉన్న రాతి పదార్థాన్ని శిలాద్రవం (మాగ్మా) అంటారు. అది భూమి ఉపరితలానికి చేరినప్పుడు లావా అని పిలుస్తారు. లావాలో సిలికా ఎక్కువగా ఉంటే అది చిక్కగా ఉండి దూరం ప్రవహించలేదు. లోపల చిక్కుకున్న వాయువులు ఒక్కసారిగా పేలడం వలన బూడిద, రాళ్ళు ఎగిసిపడి, బిలం చుట్టూ పేరుకొని శంఖువు ఆకారంలో పర్వతం ఏర్పడుతుంది. సిలికా తక్కువగా ఉన్న బసాల్ట్ లావా పలుచగా ఉంటుంది. దాని ఉష్ణోగ్రత సుమారు 1100 నుండి 1200 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. ఇటువంటి లావా పొడవైన పగుళ్ళ నుండి పెద్ద మొత్తంలో వెలువడినప్పుడు వరద నీరు వలె పల్లపు ప్రాంతాలను నింపుతూ పరచుకొంటుంది. ఈ విధంగా ఏర్పడిన శిలలను ఫ్లడ్ బసాల్ట్ అంటారు. దక్కన్ ట్రాప్స్ ఈ కోవకు చెందినవి.

భారతదేశంలో ప్రస్తుతం క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపంలో ఉంది. 1787లో దాని విస్ఫోటనం నమోదయింది. చాలాకాలం నిద్రాణంగా ఉండి 1991లో అది మళ్ళీ మేల్కొంది. బిలం, శంఖువు గల ఈ అగ్నిపర్వతం ఏర్పడిన తీరు వేరు, దక్కన్ ట్రాప్స్ ఏర్పడిన తీరు వేరు.

మానవ చరిత్రలో నమోదైన పగుళ్ళ విస్ఫోటనాలలో ఐస్‌లాండ్‌లోని లాకీ ప్రసిద్ధమైనది. 1783 జూన్‌లో మొదలై ఎనిమిది నెలలు కొనసాగిన ఈ విస్ఫోటనంలో సుమారు 15 ఘన కిలోమీటర్ల లావా వెలువడింది. విషవాయువుల వలన పశువులు చనిపోయి, పంటలు నశించి, ఏర్పడిన కరువులో ఆ దేశ జనాభాలో దాదాపు ఐదవ వంతు మరణించారు. దక్కన్ ట్రాప్స్‌లో ఒక్కొక్క పెద్ద విస్ఫోటనంలో వెలువడిన లావా 1000 ఘన కిలోమీటర్లకు మించి ఉంటుందని అంచనా. మొత్తం లావా పరిమాణం 10 లక్షల ఘన కిలోమీటర్ల స్థాయిలో ఉంటుందని భావిస్తారు.

రీయూనియన్ హాట్‌స్పాట్

భూపటలం కింద ఉండే పొరను భూప్రావారం (మాంటిల్) అంటారు. దానిలో కొన్ని చోట్ల లోతు నుండి వేడి పదార్థం స్తంభంలా పైకి లేస్తుంది. అటువంటి చోటుకు పైనున్న ప్రాంతాన్ని హాట్‌స్పాట్ అంటారు. భూపలకలు కదులుతున్నా హాట్‌స్పాట్ దాదాపు అదే చోట ఉండిపోతుంది. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూభాగం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి, ఉత్తర దిశగా సంవత్సరానికి 15 సెంటీమీటర్ల పైబడిన వేగంతో ప్రయాణిస్తూ ఉండేది. ఆ దారిలో అది రీయూనియన్ హాట్‌స్పాట్ మీదుగా సాగినప్పుడు ఈ లావా వెలువడిందని ఎక్కువ మంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. భారతదేశం ముందుకు సాగిపోయిన తరువాత అదే హాట్‌స్పాట్ సముద్రం అడుగున లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద ఉన్న పర్వతశ్రేణిని ఏర్పరచింది. నేడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో పిటోన్ డి లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం దీనిపైనే క్రియాశీలంగా ఉంది. ఇంచుమించు ఆ కాలంలోనే సీషెల్స్ భూభాగం భారతదేశం నుండి విడిపోయింది.

లావా పొరల నిర్మాణం

దక్కన్ ట్రాప్స్ ఒకే విస్ఫోటనంలో ఏర్పడలేదు. లావా కొంతకాలం ప్రవహించి ఆగిపోయేది. తరువాత పగుళ్ళు మళ్ళీ తెరుచుకొని, పాత పొరపై కొత్త పొర పరచుకొనేది. ఒక్కొక్క పొర మందం కొన్ని మీటర్ల నుండి 50 మీటర్ల పైబడి ఉంటుంది.

ఒక లావా పొరను కింది నుండి పైకి పరిశీలిస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. అడుగు భాగం చల్లని నేలను తాకి త్వరగా గడ్డకట్టినది. మధ్య భాగం నిదానంగా చల్లబడటం వలన దట్టంగా, గట్టిగా ఉంటుంది. పై భాగంలో, లావా నుండి తప్పించుకోబోయిన వాయువుల బుడగలు అలాగే గట్టిపడి, రాతి నిండా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఈ తేడాలే తరువాతి కాలంలో కొండల ఆకారాన్ని, భూగర్భ జలాలను నిర్ణయించాయి.

రెండు విస్ఫోటనాల మధ్య విరామం ఎక్కువ కాలం ఉన్నప్పుడు పాత పొర ఎండకు, వానకు శిథిలమై నేలగా మారేది. దానిపై కొత్త లావా పరచుకొన్నప్పుడు ఆ మట్టి కాలి, ఎర్రటి పట్టీలా మిగిలిపోయింది. వీటిని ఎర్ర బోల్ పొరలు అంటారు. ఘాట్ రోడ్ల వెంట తొలిచిన చోట నల్లని రాతి మధ్య ఎర్రని గీతలుగా ఇవి కనిపిస్తాయి. విరామ కాలంలో చెరువులు, వాగులు ఏర్పడిన చోట్ల వాటి ఒండ్రు, సున్నపురాయి, చెర్ట్ వంటివి లావా పొరల మధ్య చిక్కుకున్నాయి. వీటిని అంతర్ ట్రాప్ పొరలు అంటారు.

శిలలు, ఖనిజాలు

దక్కన్ ట్రాప్స్‌లో అత్యధిక భాగం థోలియైట్ రకపు బసాల్ట్. ఇందులో సిలికా దాదాపు సగం ఉంటుంది. ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ ముఖ్య ఖనిజాలు. ఇనుము, టైటానియం ఆక్సైడ్లు కూడా ఉంటాయి. కొన్ని పొరలలో ఆలివిన్ కనిపిస్తుంది. లావా త్వరగా చల్లబడినందువలన స్ఫటికాలు సాధారణంగా కంటికి కనిపించనంత చిన్నవిగా ఉంటాయి. బసాల్ట్ కాక ఈ ప్రాంతంలో లభించే ఇతర శిలలు, ఖనిజాలు ఇవి:

* డోలరైట్ - శిలాద్రవం ఉపరితలానికి చేరకుండా పగులులోనే గట్టిపడితే ఏర్పడే శిల. రసాయనికంగా బసాల్ట్ వంటిదే కాని, స్ఫటికాలు కొంచెం పెద్దవి.
* గాబ్రో - ఇదే శిలాద్రవం ఇంకా లోతున చాలా నిదానంగా చల్లబడితే ఏర్పడుతుంది. గుజరాత్‌లోని గిర్నార్ కొండలలో లభిస్తుంది.
* రయోలైట్ - సిలికా ఎక్కువగా గల, లేత రంగు శిల. గుజరాత్‌లోని పావాగఢ్ కొండపైన, ముంబై పరిసరాలలో కనిపిస్తుంది.
* టఫ్ - అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన శిల. పగుళ్ళ విస్ఫోటనాలలో బూడిద తక్కువ కనుక ఇది పరిమితంగానే ఉంది.
* జియోలైట్లు - లావా చల్లబడిన తరువాత బుడగల రంధ్రాలలో వేడి నీటి నుండి పేరుకున్న ఖనిజాలు. స్టిల్బైట్, హ్యూలండైట్, స్కోలెసైట్ ముఖ్యమైనవి. పుణె, నాసిక్ ప్రాంతాల క్వారీలలో లభించే ఈ స్ఫటికాలు ప్రపంచంలోని అనేక మ్యూజియంలలో ఉన్నాయి. పుణె దగ్గరి వాఘోలీ క్వారీలలో దొరికే నీలిరంగు కావన్సైట్ (ఇది జియోలైట్ కాదు) అరుదైన ఖనిజం.
* అగేట్ - ఇదే విధంగా రంధ్రాలలో పేరుకున్న సిలికా. గుజరాత్‌లోని ఖంభాత్ పట్టణం అగేట్ పూసల తయారీకి ప్రసిద్ధి.

భూస్వరూపాలు

బల్లపరుపు కొండలు, కనుమలు

పడుకోబెట్టినట్లున్న లావా పొరలను నదులు కోయడం వలన పైభాగం చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న కొండలు మిగిలాయి. మహారాష్ట్రలోని అనేక కోటలు ఇటువంటి కొండలపైనే ఉన్నాయి. చుట్టూ నిటారు కొండచరియే సహజమైన ప్రాకారంగా ఉపయోగపడింది. మహారాష్ట్రలోని అత్యున్నత శిఖరం కల్సూబాయి (1646 మీటర్లు) కూడా ఈ లావా పొరలతో ఏర్పడినదే.

పశ్చిమ కనుమలు అరేబియా సముద్రం వైపు నిటారుగా, తూర్పు వైపు వాలుగా ఉంటాయి. అందువలన సముద్రానికి అతి చేరువలో పుట్టిన నదులు కూడా తూర్పునకు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తాయి. గోదావరి నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వర్ వద్ద, కృష్ణ మహాబలేశ్వర్ వద్ద ఈ బసాల్ట్ కొండలలోనే పుట్టాయి. ఎగువన అరిగిన బసాల్ట్ ఒండ్రును ఈ నదులు కోస్తా ఆంధ్ర డెల్టాల వరకు మోసుకొని వస్తాయి.

డైక్‌లు, స్తంభాలు

లావా పైకి వచ్చిన పగుళ్ళలోనే కొంత శిలాద్రవం గట్టిపడింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోగా ఇవి గోడల వలె నిలిచి ఉన్నాయి. వీటిని డైక్‌లు అంటారు. మహారాష్ట్రలోని ధులే, నందుర్బార్ జిల్లాలలో పదుల కిలోమీటర్ల పొడవు గల డైక్‌లు ఉన్నాయి. విస్ఫోటనాలు ఎక్కడెక్కడ జరిగాయో తెలుసుకొనుటకు ఇవి ముఖ్యమైన ఆధారాలు.

దట్టమైన లావా చల్లబడి కుదించుకుపోయేటప్పుడు నిలువుగా చీలి, ఐదు లేదా ఆరు ముఖాలు గల స్తంభాలుగా ఏర్పడుతుంది. ముంబైలోని అంధేరీలో సుమారు 60 మీటర్ల ఎత్తున్న గిల్బర్ట్ హిల్ ఇందుకు ఉదాహరణ. కర్ణాటకలో ఉడుపి సమీపాన సముద్రంలో ఉన్న సెయింట్ మేరీస్ దీవులలో కూడా ఇటువంటి స్తంభాలు ఉన్నాయి. కాని అవి దక్కన్ ట్రాప్స్‌కు చెందినవి కావు. భారతదేశం నుండి మడగాస్కర్ విడిపోయిన కాలం నాటివి, అంటే వీటికంటే సుమారు 2 కోట్ల సంవత్సరాలు ముందరివి.

లోనార్ సరస్సు

మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో బసాల్ట్ మధ్య సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసం గల గుండ్రని బిలంలో లోనార్ సరస్సు ఉంది. చుట్టూ లావా శిలలే ఉండటం వలన దీనిని పూర్వం అగ్నిపర్వత బిలమని భావించేవారు. తీవ్రమైన తాకిడి వలన మాత్రమే ఏర్పడే గాజు వంటి పదార్థం ఇక్కడ లభించడంతో ఇది ఉల్కాపాతం వలన ఏర్పడినదని 1970లలో నిర్ధారణ అయింది. ఇది దక్కన్ లావా గట్టిపడిన ఎన్నో కోట్ల సంవత్సరాల తరువాత ఏర్పడింది. 2020లో దీనిని రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తించారు.

గుహలు

పొరల మధ్య భాగంలోని దట్టమైన బసాల్ట్ పెద్ద పగుళ్ళు లేకుండా విశాలంగా పరచుకొని ఉండటం శిల్పులకు అనుకూలించింది. అజంతా, ఎల్లోరా, కార్లా, భాజా గుహలు ఈ రాతిలో తొలిచినవే. ఎల్లోరాలోని కైలాసనాథ ఆలయాన్ని 8వ శతాబ్దంలో రాష్ట్రకూటుల కాలంలో కొండను పై నుండి కిందికి చెక్కుతూ నిర్మించారు. అజంతా, ఎల్లోరా గుహలను యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ ప్రదేశాలుగా ప్రకటించింది.

పొరల మధ్య జీవం

ఒక లావా ప్రవాహం ఆగి మరొకటి మొదలయ్యే లోపు అక్కడ అడవులు పెరిగేవి, చెరువులలో చేపలు, కప్పలు, నత్తలు జీవించేవి. అంతర్ ట్రాప్ పొరలలోని శిలాజాలు ఈ విషయాన్ని తెలుపుతున్నాయి. నాగపూర్ ప్రాంతంలో ఈ పొరలను 19వ శతాబ్దం మధ్య కాలంలో స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ అధ్యయనం చేశాడు. మధ్య ప్రదేశ్‌లోని ఘుఘువా శిలాజ ఉద్యానవనంలో రాయిగా మారిన తాటి జాతి చెట్ల మొదళ్ళను చూడవచ్చు.

లావా పొరల అడుగున అనేక చోట్ల లమేటా పొరలు అనబడే అవక్షేప శిలలు ఉన్నాయి. వీటిలో డైనోసార్ల ఎముకలు, గుడ్లు విస్తారంగా లభించాయి. 1828లో జబల్పూర్ వద్ద విలియం స్లీమన్ సేకరించిన ఎముకలు భారతదేశంలో లభించిన మొట్టమొదటి డైనోసార్ శిలాజాలు. నర్మదా లోయలో లభించిన ఒక మాంసాహార డైనోసార్‌కు 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు.

వయసు, మహా విలుప్తి

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, క్రెటేషియస్ యుగాంతంలో, భూమిపైనున్న జీవజాతులలో దాదాపు 75 శాతం అంతరించాయి. పక్షులుగా పరిణమించిన శాఖ తప్ప డైనోసార్లన్నీ నశించాయి. ఈ విలుప్తికి దక్కన్ లావా ఎంతవరకు కారణమన్నది భూగర్భ శాస్త్రంలో ప్రసిద్ధమైన వివాదం.

1980లో లూయిస్ అల్వారెజ్, వాల్టర్ అల్వారెజ్ తదితరులు, ఆ కాలపు మట్టి పొరలో ఇరిడియం అసాధారణంగా ఎక్కువగా ఉన్నదని గుర్తించి, ఒక గ్రహశకలం భూమిని ఢీకొన్నదని ప్రతిపాదించారు. 1991లో మెక్సికోలోని చిక్సులూబ్ బిలాన్ని ఆ తాకిడి జరిగిన చోటుగా గుర్తించారు. గ్రహశకలం వ్యాసం సుమారు 10 కిలోమీటర్లని అంచనా.

మరోవైపు, దక్కన్ లావాతో పాటు పెద్ద మొత్తంలో బొగ్గుపులుసు వాయువు, గంధక వాయువులు వాతావరణంలో చేరాయి. గంధక వాయువులు సూర్యరశ్మిని అడ్డగించి కొంతకాలం చలిని, బొగ్గుపులుసు వాయువు దీర్ఘకాలం వేడిని కలిగిస్తాయి. 25.2 కోట్ల సంవత్సరాల క్రితం పెర్మియన్ యుగాంతంలో జరిగిన మరింత పెద్ద విలుప్తికి సైబీరియన్ ట్రాప్స్ అనబడే ఇటువంటి లావాయే ప్రధాన కారణమని విస్తృతంగా అంగీకరించారు. అందువలన దక్కన్ లావా పాత్రను కూడా కొట్టివేయడానికి వీలు లేదని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, ఫ్రాన్స్‌కు చెందిన విన్సెంట్ కుర్తియో తదితరులు వాదించారు.

ఈ వివాదం తేలాలంటే లావా ఎప్పుడు, ఎంత వేగంతో వెలువడిందో కచ్చితంగా తెలియాలి. 2019లో రెండు పరిశోధక బృందాలు తమ ఫలితాలను ప్రకటించాయి. ఒక బృందం ఎర్ర బోల్ పొరలలో చిక్కుకున్న జిర్కాన్ స్ఫటికాల వయసును యురేనియం-సీసం పద్ధతిలో లెక్కించింది. లావా నాలుగు విడతలుగా వెలువడిందని, వాటిలో ఒక పెద్ద విడత విలుప్తికి కొన్ని పదుల వేల సంవత్సరాల ముందే మొదలయిందని తేల్చింది. రెండవ బృందం లావాలోని స్ఫటికాలను ఆర్గాన్ పద్ధతిలో పరీక్షించి, లావాలో దాదాపు మూడు వంతులు (నాలుగింట) విలుప్తి తరువాతనే వెలువడిందని పేర్కొంది. లావాలో అత్యధిక భాగం 10 లక్షల సంవత్సరాల లోపే వెలువడిందన్న విషయంలో మాత్రం రెండు బృందాలు ఏకీభవించాయి. విలుప్తికి గ్రహశకలం తాకిడే ప్రధాన కారణమని నేడు ఎక్కువ మంది అంగీకరిస్తున్నారు. తాకిడికి ముందు, తరువాత వాతావరణంపై లావా చూపిన ప్రభావం గురించి పరిశోధన కొనసాగుతూ ఉంది.

తెలుగు ప్రాంతాలలో

తెలంగాణ

తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, సంగారెడ్డి, వికారాబాద్ జిల్లాలలోని కొన్ని భాగాలలో ఈ శిలలు ఉన్నాయి. హైదరాబాదులోని గుట్టలు, గోల్కొండ కోట ఉన్న కొండ గ్రానైట్ శిలలు. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అక్కడి నుండి పశ్చిమంగా వికారాబాద్ చేరేసరికి గుండ్రని గ్రానైట్ బండలు మాయమై, చదునైన శిఖరాలు గల అనంతగిరి కొండలు కనిపిస్తాయి. మూసీ నది ఈ కొండలలో పుట్టింది. ఇక్కడ బసాల్ట్ పైభాగం దీర్ఘకాలపు ఎండావానలకు శిథిలమై ఎర్రని లాటరైట్‌గా మారింది. జహీరాబాద్, బీదర్ పరిసరాలలోని ఎర్రనేలలు కూడా ఇటువంటివే. ఇదే వికారాబాద్ జిల్లాలో లభించే తాండూరు బండలు మాత్రం అగ్నిశిలలు కావు. అవి లావాకు చాలా పూర్వం సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయి.

వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ గ్రామం వద్ద అంతర్ ట్రాప్ పొరలో ఎలుకంత చిన్న క్షీరదపు దంతాలు లభించాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని దీనిని వర్ణించి, హిస్లాప్ గౌరవార్థం డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరద శిలాజం లభించడం అదే మొదటిసారి.

రాజమండ్రి ట్రాప్స్

రాజమండ్రి వద్ద గోదావరికి ఇరువైపులా, తూర్పున కాతేరు, పశ్చిమాన గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి ప్రాంతాలలో బసాల్ట్ పొరలు బయటపడ్డాయి. వికారాబాద్ వద్ద ముగిసే ప్రధాన లావా ప్రాంతానికి ఇవి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మధ్యలో లావా జాడ లేదు. ఇవి స్థానికంగా వెలువడినవా, లేక పశ్చిమం నుండి ప్రవహించి వచ్చినవా అన్న ప్రశ్న చాలాకాలం ఉండేది. రసాయన సంఘటన, వయసు, అయస్కాంత లక్షణాలు పోల్చి చూడగా, ఇవి పశ్చిమ కనుమలలోని అంబెనళి, మహాబలేశ్వర్ పొరలతో సరిపోయాయి. ప్రాచీన నదీ లోయల వెంట ఆ లావా సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్ర తీరానికి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ ప్రకారం ఇవి భూమిపై తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలలో ఒకటి. పైపొర గడ్డకట్టి లోపలి వేడిని కాపాడటం వలననే లావా ఇంత దూరం పారగలిగింది.

లావా ఇక్కడ సముద్రాన్ని చేరడం వలన మరొక ప్రయోజనం కలిగింది. పశ్చిమ కనుమలలోని అంతర్ ట్రాప్ పొరలలో మంచినీటి జీవుల శిలాజాలే ఎక్కువ. వాటితో కచ్చితమైన కాలాన్ని నిర్ణయించడం కష్టం. రాజమండ్రి వద్ద కింది, పై లావా పొరల మధ్య సముద్రపు ఒండ్రు ఉంది. అందులోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు విలుప్తి జరిగిన వెంటనే కనిపించే జాతులకు చెందినవని 2008లో గెర్టా కెల్లర్ బృందం ప్రకటించింది. అంటే కింది లావా పొర విలుప్తి కాలానికి అతి సమీపంలో ముగిసిందన్నమాట. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు అన్వేషణ కొరకు ఓఎన్‌జీసీ వేసిన బోరుల నమూనాలు కూడా ఈ అధ్యయనానికి తోడ్పడ్డాయి.

గౌరీపట్నం ప్రాంతంలోని క్వారీల నుండి నల్లరాతి కంకరను రోడ్లకు, భవన నిర్మాణాలకు తరలిస్తారు. పొరల క్రమం శాస్త్రజ్ఞులకు కనిపించినది ఈ క్వారీల గోడలలోనే. అయితే తవ్వకం సాగేకొద్దీ ఆ గోడలు కూడా కంకరగా మారుతాయి. పొరల మధ్య ఉన్న సన్నని సముద్రపు ఒండ్రు ఒకసారి తొలగిపోతే దానిలోని ఆధారం తిరిగి లభించదు.

నేలలు, నీరు

బసాల్ట్ శిథిలమై నల్లరేగడి నేలలు ఏర్పడతాయి. వీటిలోని బంకమట్టి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుదించుకుపోయి నేల నెర్రెలు విచ్చుతుంది. తేమను ఎక్కువ కాలం నిలుపుకొనే గుణం వలన ఇవి పత్తి, జొన్న, కంది, శనగ పంటలకు అనుకూలం. ఇదే గుణం వలన గట్టి పునాది లేని ఇళ్ళ గోడలు పగులుతాయి. నల్లరేగడి అంతా బసాల్ట్ నుండి వచ్చినది కాదు. కర్నూలు వంటి ప్రాంతాలలో ఇతర శిలల నుండి కూడా ఇటువంటి నేలలు ఏర్పడ్డాయి.

పైన సారవంతమైన నేలను ఇచ్చిన ఈ లావా, లోపల నీటిని మాత్రం పొదుపుగానే ఇస్తుంది. దట్టమైన బసాల్ట్‌లోకి నీరు ఇంకదు. శిథిలమైన పైపొరలో, పగుళ్ళలో, రంధ్రాలు గల పై భాగాలలో మాత్రమే నీరు నిలుస్తుంది. ఎర్ర బోల్ పొరలు నీరు కిందికి దిగకుండా అడ్డుకుంటాయి. అందువలన పక్కపక్కనే ఉన్న రెండు బావులలో ఒకదానిలో నీరు పుష్కలంగా ఉండి, రెండవది ఎండిపోవచ్చు. ఎంత లోతుకు బోరు వేసినా నీరు పడుతుందన్న హామీ లేదు. 2016 ఏప్రిల్‌లో వర్షాభావం, అధిక వినియోగం తోడై లాతూర్ పట్టణానికి మిరజ్ నుండి రైలులో తాగునీరు తరలించవలసి వచ్చింది.

ఈ రాతి స్వభావాన్ని గ్రహించి నీటిని పొందిన ఉదాహరణ బీదర్‌లో ఉంది. అక్కడ పైనున్న లాటరైట్‌లోకి ఇంకిన వాన నీరు కిందనున్న బసాల్ట్ వద్ద ఆగిపోతుంది. బహమనీల కాలంలో 15వ శతాబ్దంలో ఆ రెండు రాళ్ళు కలిసే మట్టంలో సొరంగాలు తవ్వి నీటిని పట్టణానికి మళ్ళించారు. వీటిని కరేజ్‌లు అంటారు. దక్కన్ ట్రాప్స్‌పై నివసించే వారికి నేటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కొత్త బావి తవ్వేముందు ఆ చోట ఏ పొర ఎక్కడ ముగిసి, ఏ పొర ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం అవసరం.